మేత ఎవరికి వేస్తున్నాం?

కొత్తగూడెంలో బొగ్గు అంటే కుళ్ళకుండా మిగిలిపోయిన ఆకు. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో గుర్తించిన పొరలైనా, ఈ రోజు ఓపెన్‌కాస్టు గనుల్లో షావెళ్ళు తవ్విపోస్తున్న పొరలైనా సుమారు పాతిక ముప్పై కోట్ల ఏళ్ళ కిందటి అడవుల అవశేషాలే. గ్లోసాప్టెరిస్ అనే చెట్ల ఆకుల ముద్రలు గోదావరి లోయ రాళ్ళలో ఇప్పటికీ దొరుకుతాయి. ఆ ఆకులు రాలి బురదనీళ్ళలో పడ్డాయి. అక్కడికి గాలి అందలేదు. నీళ్ళు పులిసి ఆమ్లమయ్యాయి. గాలి లేకపోవడమూ ఆ పులుపూ కలిసి, ఆకును తినాల్సిన సూక్ష్మజీవుల పనిని మందగింపజేశాయి. సగంలో ఆగిన ఆ తిండే పొరలు పొరలుగా పేరుకుని, మట్టి బరువుకూ వేడికీ నలిగి బొగ్గయింది. ఇప్పుడు గని తవ్వి పోసిన ఓబీ మట్టిగుట్టల అంచున మేస్తున్న బర్రెను చూడండి. దాని పొట్టలో కూడా గాలి లేదు, తడి ఉంది, వెచ్చదనం ఉంది, ఆకు ఉంది, సూక్ష్మజీవులు ఉన్నాయి. అయినా అక్కడ ఆకు నిలవదు. ఒకటి రెండు రోజుల్లోనే అది పాలుగానో కండగానో మారే దారి పడుతుంది. రెండు చోట్లకూ తేడా తెచ్చే వాటిలో ముఖ్యమైనది పులుపు. బురదలో పులుపు పెరగనిచ్చారు, పొట్టలో పెరగనివ్వరు. ఎవరు పెరగనివ్వరు, ఎలా పెరగనివ్వరు అన్న ప్రశ్నల మీదే మాంసపు పశువుల శాస్త్రంలో మంచి భాగం నిలబడి ఉంది. ఆ ప్రశ్నలతోనే ఉద్యోగ జీవితమంతా గడిపిన ఒక భారతీయ పశువైద్యుడి పనిని ఆధారం చేసుకుని, ఈ అధ్యాయంలో ఒకే ఒక్క మాట నిరూపించాలనుకుంటున్నాను. మనం మేత వేసేది పశువుకు కాదు, దాని పొట్టలోని జీవులకు. పశువు ఆ జీవుల మీద బతుకుతుంది.

ఇది అలంకారంగా చెప్పిన మాట కాదు. గడ్డిలోని సెల్యులోజ్‌ను కోసే ఎంజైము ఆవు శరీరం తయారు చేసుకోలేదు. ఎద్దూ చేసుకోలేదు, గొర్రే చేసుకోలేదు. నెమరువేసే పశువుకు నాలుగు గదుల జీర్ణాశయం ఉంటుంది. వాటిలో మొదటిది, అన్నిటికంటే పెద్దది రూమెన్. దీన్ని పెద్దపొట్ట అందాం. ఎదిగిన ఆవులో అది 100 లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి. 39 డిగ్రీల వేడిలో, గాలి లేకుండా, పీహెచ్ 6కూ 7కూ మధ్య నిలబడి ఉంటుంది. అందులోని ద్రవం ఒక్క మిల్లీలీటరులో వెయ్యి కోట్ల నుంచి పదివేల కోట్ల దాకా బాక్టీరియా ఉంటాయి. వాటితోపాటు ప్రోటోజోవాలు, ఫంగస్, మీథేన్ తయారుచేసే ఆర్కియా కూడా. గాలి తగిలితే చచ్చే ఈ జీవులను పరీక్షనాళికలో బతికించి చూపిన అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ 1966లో రాసిన పుస్తకంతో ఈ శాస్త్రానికి ఒక రూపం వచ్చింది. గడ్డిని తినేది ఈ జీవులే. తిని అవి వదిలే అసెటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు పొట్టగోడ గుండా రక్తంలోకి వెళ్తాయి. ఆవు వాడే శక్తిలో దాదాపు 70 శాతం అక్కడి నుంచే వస్తుంది. తర్వాత ఆ జీవులే కిందికి జారి, నాలుగో గదిలో తామే అరిగిపోయి పశువుకు మాంసకృత్తులవుతాయి. మరి ఇన్ని ఆమ్లాలు పుడుతుంటే పొట్ట ఎందుకు పులిసిపోదు? ఆవు రోజూ 100 లీటర్లకు తగ్గకుండా లాలాజలం మింగుతుంది. అందులో నిండా సోడా ఉప్పు. నెమరువేసిన కొద్దీ లాలాజలం ఊరుతుంది. పీచు ఉంటేనే నెమరు. మధ్యాహ్నం చెట్టునీడన కళ్ళు అరమూసి నెమరువేసే బర్రె విశ్రాంతిగా ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, అది తన పొట్టలోని పులుపును గంటగంటకూ విరుస్తూనే ఉంది.

నేను మొదట చెప్పిన ఆ పశువైద్యుడు టి.జి. నాగరాజ. పూర్తి పేరు తిరువూర్ జి. నాగరాజ. ఆ పేరు చదివితే మనకు ఖమ్మం పొలిమేర దాటగానే వచ్చే తిరువూరు గుర్తొస్తుంది. బెంగళూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివి, ఆ తర్వాత అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళి 1970ల చివర్లో పరిశోధన పట్టా పొంది, అక్కడే ఆచార్యుడిగా స్థిరపడ్డారు. ఆ విశ్వవిద్యాలయం తన ఆచార్యులకు ఇచ్చే అత్యున్నత హోదా యూనివర్సిటీ డిస్టింగ్విష్డ్ ప్రొఫెసర్ ఆయనకు దక్కింది. కాన్సాస్ అంటే అమెరికా మాంసపు పశువుల పెంపకానికి గుండెకాయ లాంటి చోటు. అక్కడ వేలాది పశువులను ఆవరణల్లో ఉంచి, మొక్కజొన్న ఎక్కువ, పీచు తక్కువగా ఉన్న దాణాతో నెలల తరబడి బలుపుతారు. దాణాలో పీచు చాలాచోట్ల పదో వంతు కూడా ఉండదు. పెద్దపొట్ట శాస్త్రాన్ని చదవడానికి ఇంతకంటే కఠినమైన ప్రయోగశాల ఉండదు. గడ్డి కోసం లక్షల ఏళ్ళుగా తయారైన తొట్టిలో పిండి పోస్తే ఏమవుతుందో అక్కడ రోజూ కళ్ళముందే కనిపిస్తుంది. నాగరాజకు దారి చూపిన వారిలో ఎర్ల్ బార్ట్‌లీ ఒకరు. పచ్చి లెగ్యూమ్ మేత తిని కడుపుబ్బి చచ్చే పశువులకు పోలాక్సలీన్ అనే మందును అందించిన శాస్త్రవేత్త ఆయనే. పొట్టలో ఏం జరుగుతోందో పొట్టలోకే వెళ్ళి చూడాలన్నది ఆ బడి పద్ధతి. పశువు పక్కటెముకల వెనక చిన్న కిటికీ లాంటి గొట్టం అమర్చి, ఏ బాధా లేకుండా లోపలి ద్రవాన్ని గంట గంటకూ తీసి చూస్తారు. దానిలో చేయి పెట్టి వెచ్చటి మేతను పట్టుకున్న విద్యార్థికి పొట్ట ఒక బొమ్మగా కాక బతికిన తొట్టిగా అర్థమవుతుంది. రూమెన్ సూక్ష్మజీవశాస్త్రాన్ని దశాబ్దాల పాటు బోధించిన నాగరాజ విషయంలో పరిశోధనను, పాఠాన్ని విడదీసి చెప్పలేం. రెండూ ఆ కిటికీ దగ్గరే మొదలయ్యాయి.

1981లో ఆయన బార్ట్‌లీ బృందంతో కలిసి ప్రచురించిన పరిశోధన నా వాదనకు మొదటి సాక్ష్యం. పశువులకు ముందుగా లాసలోసిడ్, మొనెన్సిన్ అనే మందుల్లో ఒకదాన్ని ఇచ్చారు. తర్వాత గ్లూకోజునో మొక్కజొన్న పిండినో నేరుగా పెద్దపొట్టలోకి పంపి, కావాలనే పొట్ట పులిసిపోయే అసిడోసిస్ తెప్పించారు. మందు పడని పశువుల్లో లాక్టిక్ ఆమ్లం పెరిగి పీహెచ్ కుప్పకూలింది. మందు పడిన వాటిలో ఆ పతనం అంతగా జరగలేదు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ మందులు పశువు శరీరాన్ని బాగుచేయలేదు. పొట్టలోని జనాభాలో కొందరిని అణచి, కొందరిని బతకనిచ్చాయి. అణగినవాటిలో ముఖ్యమైనది స్ట్రెప్టోకోకస్ బోవిస్. మామూలు రోజుల్లో ఇది పొట్టలో ఒక మూల ఉండే చిన్న బాక్టీరియా. పిండి ఒక్కసారిగా వచ్చి పడితే అరగంటలోపే రెట్టింపవుతూ పోతుంది. పీహెచ్ పడేకొద్దీ అది లాక్టిక్ ఆమ్లాన్ని ఇంకా ఎక్కువగా వదులుతుంది. ఆ ఆమ్లాన్ని తిని బతికే జీవి కూడా అదే పొట్టలో ఉంది, పేరు మెగాస్ఫీరా ఎల్స్‌డెనీ. కానీ అది నెమ్మదిగా పెరిగే జీవి. ఆమ్లం చేసేవాడు గంటల్లో ఊరు నింపేస్తే, ఆమ్లం తినేవాడికి రోజులు కావాలి. పీహెచ్ 6 కిందికి పడ్డప్పుడే పీచు అరిగించే బాక్టీరియా పని మానేస్తాయి. 5 కిందికి పడితే లాక్టోబాసిలస్‌లు పొట్టను పూర్తిగా చేజిక్కించుకుంటాయి. చిక్కబడ్డ ఆమ్లం రక్తంలోని నీటిని పొట్టలోకి లాగేస్తుంది. ఒళ్ళంతా ఎండిపోయి, కళ్ళు గుంటలు పడి, పశువు కూలబడుతుంది. అమెరికా దాణా కేంద్రాల్లో కొత్తగా వచ్చిన పశువుకు ధాన్యం పాలు పెంచడానికి దాదాపు మూడు వారాలు తీసుకునే పద్ధతికి కారణం ఇదే. ఆ మూడు వారాలు పశువు అలవాటు పడడానికి అని అందరూ అంటారు. నిజానికి అవి మెగాస్ఫీరా లాంటి నెమ్మదివాళ్ళు తమ సంఖ్య పెంచుకోవడానికి ఇచ్చిన గడువు.

దీన్ని మన పెళ్ళి పందిళ్ళ వెనక పెట్టి చూడండి. పెళ్ళిలోనో అన్నదానంలోనో మిగిలిన అన్నం పారబోయడం పాపమని గంపలకొద్దీ బర్రెల ముందు పోస్తారు. మనసులో ఉన్నది దయే. కానీ ఉడికిన అన్నంలోని పిండి పచ్చి గింజలోని పిండి కంటే వేగంగా పులుస్తుంది, ఎందుకంటే ఉడికినప్పుడు దాని రేణువులు విచ్చుకుంటాయి. కాన్సాస్‌లో పొట్టలోకి పంపిన మొక్కజొన్న పిండి కంటే ఇది ఇంకా చురుకైన సరుకు. రాత్రి తిన్న బర్రె తెల్లవారేసరికి మేత ముట్టదు, పొట్ట ఎడమపక్క కదలిక ఆగిపోతుంది, పేడ పలచగా పుల్లటి వాసన కొడుతుంది. దిష్టి తగిలిందని కొందరు, ఎవరో ఏదో పెట్టారని కొందరు అనుకుంటారు. కారణం మాత్రం నూకల జావ కావచ్చు, లేదా ధాన్యం రాశి దగ్గర రాత్రి తాడు తెంపుకున్న ఎద్దు గంటసేపు తిన్న వడ్లు కావచ్చు. రోజూ కుడితిలో కొంచెం గంజి, కొంచెం తవుడు కలిపి పోస్తే ఏమీ కాని పశువుకు, ఒక్క పూట ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. పరిమాణం కంటే హఠాత్తుతనమే ఇక్కడ విషం.

రెండో సాక్ష్యం ఇంకా లోతైనది. ఇది కాలేయం కథ. పులుపు ఎక్కువైన పొట్టగోడ లోపలి పొర దెబ్బతింటుంది, పుండ్లు పడుతుంది. ఆ పుండ్ల గుండా ఫ్యూసోబాక్టీరియం నెక్రోఫోరమ్ అనే బాక్టీరియా రక్తంలోకి జారుతుంది. జీర్ణాశయం నుంచి వచ్చే రక్తమంతా ముందు కాలేయానికే వెళ్తుంది కాబట్టి అక్కడే ఆగి చీము గడ్డలు కడుతుంది. 1998లో నాగరాజ, ఎం.ఎం. చెంగప్ప కలిసి రాసిన సమీక్ష ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ఉదహరించేది. అమెరికాలో ధాన్యం మీద బలిపిన పశువుల్లో చాలా మందల్లో 12 నుంచి 32 శాతం వాటికి కాలేయపు గడ్డలు ఉంటాయని అది చూపింది. ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసే విషయం వేరే ఉంది. ఈ జబ్బు బయటికి కనిపించదు. పశువు తింటుంది, నడుస్తుంది, బరువు పెరుగుతుంది, కాకపోతే కొంచెం తక్కువగా. కబేళాలో కాలేయం తీసి చూసేవరకూ రైతుకు తెలియదు, డాక్టరుకూ తెలియదు. కళ్ళకు ఆరోగ్యంగా కనిపిస్తే చాలనుకునే పశుపోషణకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. మరో ముఖ్యమైన సంగతి: ఈ ఫ్యూసోబాక్టీరియం బయటినుంచి వచ్చిన శత్రువు కాదు. పెద్దపొట్టలో ఎప్పుడూ ఉండే పౌరుడే. లాక్టిక్ ఆమ్లాన్ని వాడుకుని బతుకుతుంది. మనం మేత మార్చాం, అది పెరిగింది, గోడ బలహీనపడింది, అది దాటింది. అది వదిలే ల్యూకోటాక్సిన్ అనే విషం పశువు తెల్లరక్తకణాలను చంపుతుంది. కాబట్టి కాలేయంలో దాన్ని ఎదుర్కొనే సైన్యమే కూలిపోతుంది. ఆ విషాన్ని తయారుచేసే జన్యువును 2001 నాటికి నాగరాజ బృందం వేరుచేసి వర్ణించగలిగింది. ఆ విషానికే వ్యతిరేకంగా టీకా తయారుచేయవచ్చన్న ఆలోచనకు అది బలం చేకూర్చింది.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటి ఉంది. దాన్ని పక్కకు తప్పించుకుని పోకూడదు. ఇదంతా పరిశ్రమ చేసిన గాయానికి పరిశ్రమే వేసుకున్న పట్టీ కదా? గడ్డి తినాల్సిన పశువుకు ధాన్యం పోసి, పొట్ట పుండు చేసి, దాన్ని తట్టుకోవడానికి రోజూ దాణాలో టైలోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపారు. టైలోసిన్ కాలేయపు గడ్డలను సగం వరకూ తగ్గించింది నిజమే. కానీ అది మనుషులకు వాడే ఎరిత్రోమైసిన్ కుటుంబానికి చెందినది. పశువుల పొట్టల్లో ఆ మందుకు లొంగని బాక్టీరియా తయారైతే, ఆ నిరోధకత మన ఆసుపత్రుల దాకా రావచ్చు. ఈ ఆక్షేపణ న్యాయమైనదని నేను ఒప్పుకుంటాను. అమెరికా ప్రభుత్వం కూడా ఒప్పుకుంది. 2017 జనవరి నుంచి మనుషులకు అవసరమైన ఇలాంటి మందులను పశువైద్యుడి చీటీ లేకుండా దాణాలో కలపకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది. కానీ ఆక్షేపణ న్యాయమైనదైనంత మాత్రాన పరిశోధన వ్యర్థం కాదు, పైగా ఆక్షేపణకు బలం ఇచ్చిందే ఆ పరిశోధన. ధాన్యం హద్దు దాటితే దాని ధర కాలేయం చెల్లిస్తుందని అంకెలతో చూపింది ఇదే శాస్త్రం. టీకా దారిని, పీచు పాలు పెంచే దారిని చూపిందీ ఇదే. దాణాలో వాడే మందులన్నీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. మొనెన్సిన్ లాంటి, అయనోఫోర్లు అనే రకం మందులను మనుషుల వైద్యంలో వాడరు. ఆ తేడా తెలియకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టి నిషేధించినా, ఒకే గాటన కట్టి సమర్థించినా పశువుకూ మేలు లేదు, మనిషికీ మేలు లేదు.

మరో ఆక్షేపణ మన నేల మీద నుంచే వస్తుంది. ఇక్కడ ఆవులను మాంసం కోసం బలిపే పద్ధతి లేదు, 1977 చట్టం ఆవు వధను నిషేధించింది, అమెరికా పశువుల కాలేయాలతో మనకేం పని అని. పొట్టకు చట్టం తెలియదు. పాలిచ్చే బర్రె పొట్ట, దున్నే ఎద్దు పొట్ట, మాంసానికి పెంచే గొర్రె పొట్ట ఒకే నియమం మీద నడుస్తాయి. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, దాదాపు కోటీ 90 లక్షలు. తొలకరి తర్వాత ఒక్కసారిగా వచ్చే లేత పచ్చిగడ్డి మీద, లేదా కోత కోసిన చేలో రాలిన గింజల మీద తోలిన గొర్రెలు సాయంత్రం బాగుండి తెల్లారేసరికి చచ్చి పడివుండే చిటుక రోగం గొల్లకురుమలకు కొత్త కాదు. దాని వెనక ఉన్నది పేగుల్లో ఉండే క్లాస్ట్రిడియం. అదీ బయటి శత్రువు కాదు, హఠాత్తుగా వచ్చిపడిన తిండి దానికి పట్టం కట్టింది. బాక్టీరియా వేరు, కథ ఒకటే. టీకా ఉంది, ప్రభుత్వ పశువైద్యశాలలు వేస్తాయి. కానీ మేతను మెల్లగా మార్చడం టీకా చేయలేని పని చేస్తుంది.

ఇవన్నీ మన పెద్దలకు తెలిసినవే కదా, రాశి దగ్గర ఎద్దును కట్టొద్దని ఎప్పుడో చెప్పారు కదా అనేవారూ ఉంటారు. చెప్పారు, ఆ జాగ్రత్త విలువైనది. కానీ ఆ జాగ్రత్త ప్రమాదాన్ని గుర్తించింది గానీ, దాని లోపలి నడకను వివరించలేదు. నడక తెలియకపోతే కొత్త పరిస్థితి వచ్చినప్పుడు పాత జాగ్రత్త అక్కరకు రాదు. రాశి దగ్గరికి ఎద్దును పోనివ్వని ఇంట్లోనే పెళ్ళి అన్నం బర్రె ముందు పోస్తారు, ఎందుకంటే అన్నం, వడ్లు పొట్టలో ఒకే పని చేస్తాయని ఎవరూ చెప్పలేదు. బోధకుడి అవసరం సరిగ్గా ఇక్కడే. ఒక పల్లె పశువుల డాక్టరుకు సోడా ఉప్పు ఎంత ఇవ్వాలో తెలిస్తే ఒక బర్రె బతుకుతుంది, ఎందుకు ఇవ్వాలో రైతుకు చెప్పగలిగితే ఆ వాడలో వచ్చే ఏడాది పెళ్ళికి బర్రెలు పడిపోవు.

నా వాదనకు అన్నింటికంటే ఉపయోగకరమైన రుజువు మన వరిగడ్డి వామిలోనే ఉంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, పీచును బిగించి పట్టే లిగ్నిన్ ఉంటుంది, మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. పొట్టలో పీచు కోసే బాక్టీరియాకు పని చేయడానికి నత్రజని కావాలి. గడ్డిలో అది చాలినంత లేదు. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కరిగించి చల్లి, పట్టాతో కప్పి, 21 రోజులు గాలి చొరకుండా ఉంచే పద్ధతి చాలా ఏళ్ళుగా పశుసంవర్ధక శాఖ చెబుతున్నదే. కప్పు కింద యూరియా అమ్మోనియాగా మారి, లిగ్నిన్ కట్టులను సడలిస్తుంది. ఆ అమ్మోనియా బాక్టీరియాకు తిండవుతుంది. యూరియా ఎరువు కదా, గొడ్డుకు ఎలా పెడతారని రైతు అడిగితే ఆ ప్రశ్న సరైనదే. ఆవు యూరియాను వాడుకోలేదు, నిజమే. పెద్దపొట్టలోని జీవులు వాడుకుంటాయి. ఆ తర్వాత ఆవు ఆ జీవులను వాడుకుంటుంది. కొలత మించితే అమ్మోనియా రక్తంలోకి పోయి పశువు చచ్చిపోతుంది కాబట్టి నాలుగు కిలోలంటే నాలుగే. గనుల కోసం అడవి మేత తరిగిపోయి, గడ్డివాము మీదే ఆధారపడ్డ భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పల్లెల్లో ఈ లెక్క కాన్సాస్ మొక్కజొన్న లెక్క కంటే ఎక్కువ పనికొస్తుంది.

గనిలో పనిచేసేవారికి మీథేన్ గురించి వేరే చెప్పాల్సిన పనిలేదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుందని వాళ్ళకు తెలుసు. పశువు తేన్పులో వదిలేదీ అదే వాయువు. తిన్న మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఈ రూపంలో గాలిలో కలిసిపోతుంది. వాతావరణం గురించి మాట్లాడేవారు దీన్ని నేరంగా చూస్తారు, పెంపకందారు నష్టంగా చూడాలి. మొనెన్సిన్ మీథేన్‌ను కొంత తగ్గించడానికి కారణం కూడా పొట్టలోని జనాభా మార్పే. హైడ్రోజన్ మీథేన్‌లోకి పోవడానికి బదులు ప్రొపియోనిక్ ఆమ్లంలోకి మళ్ళుతుంది, పశువుకు ఆ మేరకు శక్తి మిగులుతుంది.

అసిడోసిస్‌తో పడిపోయిన పశువుకు చేసే వైద్యంలో ఒక భాగం ఈ మొత్తం వాదనకు సూటి సాక్ష్యం. నరానికి సెలైన్ ఎక్కిస్తారు, గొట్టం ద్వారా సోడా ఉప్పో మెగ్నీషియం హైడ్రాక్సైడో పంపి పులుపు విరుస్తారు. అంతా కుదుటపడినా పశువు మేత ముట్టకపోవచ్చు. లోపల జనం లేరు కాబట్టి తొట్టి ఖాళీగా ఉంది. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న మరో పశువు పెద్దపొట్ట ద్రవాన్ని, కబేళా నుంచో కిటికీ అమర్చిన పశువు నుంచో తీసి, గుడ్డలో వడగట్టి, చల్లారకుండా, ఎక్కువసేపు గాలి తగలకుండా తెచ్చి, ఎనిమిది నుంచి పదహారు లీటర్ల దాకా గొట్టంతో పోస్తారు. అందులో మందేమీ లేదు. ఒకటి రెండు రోజుల్లో ఎడమ డొక్కలో కదలిక మొదలవుతుంది. పశువు తల తిప్పి గడ్డిపోచ అందుకుంటుంది, కాసేపటికి నోరు కదులుతుంది.